బర్రె బెదరని డ్రమ్ము

హైదరాబాదు వెళ్లొచ్చిన మనిషిని మన విశాఖపట్నంలో ముందుగా అడిగేది చార్మినారు ఎక్కావా అని, ఆ తర్వాత గాజులు తెచ్చావా అని. చార్మినారు ఎక్కలేదు, కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాను. గాజులు తెచ్చాను, అవి మా అక్కకు పట్టలేదు. మిగతా రోజులన్నీ పాతబస్తీలో ఒక గేదెల కొట్టం పక్కన కూర్చుని, డ్రమ్మును చప్పుడు కాకుండా వాయించడం నేర్చుకున్నాను. ఈ మాట వినగానే జనం నవ్వుతున్నారు. సంగతంతా ఒకసారి రాసి పెడితే ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకునే బాధ తప్పుతుంది.

సముద్రం ఒడ్డున ఒక హోటల్లో సాయంత్రం భోజనాల వేళ మేం ముగ్గురం కచేరీ చేస్తాం. పియానో ఒక పెద్దాయన వాయిస్తాడు, పాడేది మా రూతక్క, డ్రమ్ములు నేను. చర్చిలో పాడుతూ పెరిగిన అక్క ఇంగ్లీషు జాజ్ పాటలు నేర్చుకుని ముందు తను ఆ హోటల్లో చేరింది. పెళ్లి బ్యాండులో కర్రలతో డ్రమ్ములు బాదుకుంటున్న నన్ను తర్వాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తన వెనక కూర్చోబెట్టింది.

పోయిన వేసవిలో అక్కకు గొంతులో ఆపరేషను అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు, అలాగే లేదు. గొంతు మాత్రం చిన్నదైపోయింది. ఇదివరకు హాలు చివరి బల్లదాకా వెళ్లే పాట ఇప్పుడు పక్కనున్నవాళ్లతో మాట్లాడుతున్నట్టుగా వస్తోంది. మైకు పెంచితే వెనకున్న నా డ్రమ్ముల మోతా దాంట్లోంచి పెరుగుతుంది. మేనేజరు చెడ్డవాడు కాడు. "నెలాఖరుదాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే అమ్మాయిని పెట్టుకోక తప్పదు" అన్నాడు. అక్క సరేనంది. ఇంటికొచ్చి, ఎన్నాళ్లుగానో మూలన పడున్న కుట్టుమిషనుకు నూనె వేసింది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

పియానో పెద్దాయనే దారి చెప్పాడు. కర్రలు వదిలి బ్రష్షులు పట్టమన్నాడు. పిడిలోంచి సన్నటి ఉక్కు తీగలు విసనకర్రలా విచ్చుకుంటాయి, వాటితో డ్రమ్మును కొట్టరు, తోలు మీద రుద్దుతారు. మన వైపు ఆ విద్య తెలిసినవాడు లేడు. హైదరాబాదులో ఐజక్ అనే ఆయన ఉన్నాడట. పగలు టెలిఫోన్లు బాగుచేసే ఉద్యోగం, వారాంతాల్లో సికింద్రాబాదు క్లబ్బుల్లో జాజ్ డ్రమ్ములు, కాపురం పాతబస్తీలో. సెలవు పెట్టి బయల్దేరాను.

అఫ్జల్‌గంజ్

మూసీ ఒడ్డున బస్సు దిగేసరికి ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగిలి వరసగా తుమ్ములు మొదలయ్యాయి. నా భుజానున్న డ్రమ్మును చూసి ఒక రిక్షా అతను దగ్గరికొచ్చాడు.

"షాదీ కహాఁ హై భాయ్?"

పెళ్లి లేదు, నేర్చుకోవడానికొచ్చానని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతను నా తలలో నెరిసిన వెంట్రుకలు చూసి తెలుగులోకి దిగాడు.

"గింత వయసొచ్చినంక నేర్సుకునుడేందన్నా? మా గల్లీల పోరగాండ్లు నడుసుడు రాకముందే మర్ఫా కొడ్తరు."

మర్ఫా అంటే ఇక్కడి పెళ్లిళ్లలో కొట్టే డప్పుల మేళం. అరబ్బు సిపాయిలతో ఈ ఊరికి వచ్చిందంటారు. మేం కొంచెం దూరం పోయామో లేదో, అలాంటి మేళమొకటి పెళ్లికొడుకుతో సహా ఎదురైంది. మన వైపు మేళం వస్తే పక్కకు తప్పుకుని చూస్తాం. ఇక్కడ దారిన పోయేవాడు కూడా సైకిలు గోడకానించి, నాలుగు చిందులు వేసి, మళ్లీ సైకిలెక్కి తన పనిమీద పోతాడు. మా రిక్షా అతనూ దిగి ఆడొచ్చాడు. ఇంత మోతను ఇష్టపడే ఊళ్లో మోత లేకుండా వాయించేవాడు ఎలా పుట్టాడా అని నాకు అనుమానం వేసింది.

దారిలో ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. అడక్కుండానే పళ్లెం నిండా బిస్కెట్లు తెచ్చి పెట్టారు. ఇన్నెవరు తెమ్మన్నారని నేను గొడవకు దిగాను. పక్క బల్ల దగ్గర షేర్వానీ వేసుకున్న పెద్దాయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "జిత్నే ఖాయే, ఉత్నేచ్ కే పైసే దేనా మియాఁ" అన్నాడు. తిన్నవాటికి మాత్రమే ఇవ్వాలట, మిగిలినవి వాళ్లే తీసుకుపోతారట. ఆ ఉప్పు బిస్కెట్టు చాయ్‌లో ముంచి తింటే నా కోపమంతా కరిగిపోయింది, పళ్లెంలోనూ ఏమీ మిగల్లేదు. చాయ్ ముప్పై పైసలు. మన ఊళ్లో టీ తాగినవాడు లేచేదాకా వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడు. ఇక్కడ ఒక్క కప్పు ముందు పెట్టుకుని పూటంతా రాజకీయం మాట్లాడుకోవచ్చు.

జహనుమా

ఐజక్ సార్ పొట్టిగా, సన్నగా, జేబులో స్క్రూడ్రైవరుతో ఉన్నాడు. జహనుమా అనే బస్తీలో రెండు గదుల అద్దె ఇల్లు. గోడకు అవతలే గేదెల కొట్టం. కొట్టమూ ఇల్లూ కూడా మల్లమ్మ అనే పాలావిడవి. గల్లీ మొత్తానికీ పాలు పోసేది ఆవిడే. ఐజక్ సార్ భార్య మేరమ్మగారు నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. చింతపండు రసం కాచకుండా, ఉల్లిపాయ ముక్కలేసి అలాగే పోసుకోవడం మనం ఎరగం. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, ఆ తర్వాత గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే, నేను మరీ పసివాణ్ణేం కాదని గురువుగారికి తెలియాలి గదా అని, కర్రలు తీసి ఒక దరువు గడగడలాడించి చివర్న ఫెడీమని ఒకటి ఇచ్చాను. గోడ అవతల బకెట్టు దొర్లిన చప్పుడైంది. కాసేపటికి చెంగు దోపుకున్న ఒక ఆవిడ ఖాళీ బకెట్టుతో గుమ్మంలో నిలబడింది. అదే మల్లమ్మతో నా మొదటి పరిచయం.

"సారూ, పొద్దుగాల్నే బాంబులేసింది ఈయనేనా? రాణి సేపుతలేదు. పాలన్ని పైకి గుంజుకున్నది. గల్లీకి పాలు ఈయన ఇస్తడా?"

గేదె బెదిరితే పాలు చేపదు. పొదుగు నిండా ఉన్నా చుక్క రాల్చదు. రాణి తొలిచూలు గేదె, అందులోనూ మహా పిరికిది. అది బకెట్టును తన్నిన తన్నుకు పక్కనున్నవి కూడా బిగదీసుకున్నాయి. ఆ పూట గల్లీలో చాలా ఇళ్లలో నల్ల చాయ్ తాగారు. సాయంత్రానికల్లా నాకు వైజాగ్ బాంబు అని పేరు పడింది.

ఐజక్ సార్ మాత్రం సంబరపడ్డాడు.

"మంచిగైంది తమ్మీ. ఇగ నీ గురువు నేను గాదు, గా బర్రె. నేనైతె మొహమాటానికి బాగుందంట. అది అనది. పాలు పిండేటప్పుడే నువ్వు గోడ ఇవుతల వాయించాలె, బ్రష్షులతోని. అది సేపితె వాయించినట్టు, లేకుంటె బాదినట్టు."

మల్లమ్మకు ఈ ఏర్పాటు నచ్చలేదు. పాలు తగ్గితే మర్నాడే ఆపించాలన్న షరతు మీద ఒప్పుకుంది.

టెండర్ల పేజీ

నా డ్రమ్ముకు తోలు బదులు బిగించిన ప్లాస్టిక్ పొర మీద ఐజక్ సార్ గోరుతో గీసి చూశాడు. "ఇది అద్దం తమ్మీ. అద్దం మీద బ్రష్ జారుతది, మాట్లాడది" అని డ్రమ్మును మంచం కిందికి తోసేశాడు. స్టూలు మీద వార్తాపత్రిక కాగితం పరిచి దానిమీద రుద్దమన్నాడు. నేను ఇరానీ హోటల్లోంచి తెచ్చుకున్న ఉర్దూ పేపరు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"గది వద్దు. అందుల యాడనన్న దేవుని పేరుంటది. తీగలతోని గీకుతె మంచిగుండది. ఈ బస్తీల ఎవ్వరం కింద గూడ వెయ్యం."

తను చర్చికి పోయే మనిషి. అయినా ఆ కాగితం మడిచి అలమారలో పైన పెట్టి, ఇంగ్లీషు పేపర్లో ప్రభుత్వ టెండర్ల పేజీ వెతికి ఇచ్చాడు. దాని మీద ఎంత గీకినా ఎవరి మనసూ నొచ్చుకోదన్నాడు. మన ఇళ్లలో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం గానీ, పక్కవాళ్ల అక్షరాల్ని ఇలా చూసుకోవడం నాకు కొత్తగా అనిపించింది, బాగా నచ్చింది.

పాఠం పైకి సులువే. ఎడమ చెయ్యి అడుగంటకుండా పాయసం కలుపుతున్నట్టు గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. కుడి చెయ్యి పైనుంచి అప్పుడప్పుడు తాళం తట్టాలి. కర్రలకు అలవాటుపడ్డ నా ఎడమ చెయ్యి ప్రతి చుట్టుకూ పైకి లేచేది. లేచినప్పుడల్లా ఆ 'స్‌స్‌స్' తెగేది, తెగ్గానే గోడ అవతల రాణి కాళ్లు కదిపేది. మల్లమ్మ "ఏయ్ వైజాగ్" అనేది. లేవకుండా జాగ్రత్తపడితే ఇంకో తంటా వచ్చింది. చప్పుడుతోపాటు నా తాళం కూడా నెమ్మదించి, చివరికి ఎక్కడో కూలబడేది.

"మెల్లగ మాట్లాడుడంటే నిద్రల మాట్లాడుడు గాదు తమ్మీ" అన్నాడు సార్. "సప్పుడు తగ్గాలె, నడక తగ్గొద్దు. నువ్వు భయపడుకుంట వాయిస్తున్నవ్. బర్రెకు గది తెలుస్తది."

భయం ఎందుకుండదు? నెలాఖరు దగ్గరపడుతోంది. ఆ సాయంత్రం అక్క గొంతు సంగతి, కుట్టుమిషను సంగతి అన్నీ చెప్పేశాను. సార్ విని, అక్క పాటల్లో ఒకటి పాడమన్నాడు. నా పాటకు మేరమ్మగారు వంటింట్లో నవ్వాపుకోలేక దగ్గారు. సార్ నవ్వలేదు.

"ఆమె ఊపిరి తీస్కునే కాడ నీ ఎడమ చెయ్యి ఆగిందనుకో, పాట కింద పీట గుంజినట్టే. ఆమె ఆగినా నువ్వు ఆగొద్దు. గంతే."

మర్నాటినుంచి కళ్లు మూసుకుని, అక్క ఎదురుగా నిలబడి పాడుతోందనుకుని వాయించడం మొదలుపెట్టాను. రాణి కాస్త కాస్త పాలివ్వసాగింది. మల్లమ్మ తిట్లు పూటకొకటికి తగ్గాయి.

ధూల్‌పేట్

ఆదివారం ప్రార్థన అయ్యాక, బగారా అన్నం, మాంసం కూర తిని, డ్రమ్ముకు తోలు కొనడానికి ధూల్‌పేట్ వెళ్లాం. వినాయక చవితి దగ్గర్లో ఉంది. గల్లీ పొడవునా వినాయకులే. మన వైపు పూజకు ఒళ్లో పట్టే మట్టి బొమ్మ చాలు. ఇక్కడివి మనిషిని మించిన ఎత్తు, ఇంకా రంగుల్లేవు, కళ్లు దిద్దలేదు. చినుకు పడగానే బొమ్మలు చేసేవాళ్లు ఇంటిల్లిపాదీ పరదాలు పట్టుకుని పరుగెత్తారు, మేమూ తలో కొస పట్టుకున్నాం. పరదా మీద నిలిచిన నీళ్లు వంపబోయి నా నెత్తిన నేనే పోసుకున్నాను. అవతలి కొస పట్టుకున్న ముసలాయన "ఇయ్యాల్నే నిమజ్జనం అయిపాయె నీకు" అన్నాడు.

ఢోలక్కులు బిగించే దుకాణంలో మేకతోళ్లు బయటికి తీయించి చూశాం. గరుగ్గా, పలచగా ఉన్నది కావాలని సార్ ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూశాడు. దీని మీద ఏం వాయిస్తావని దుకాణం అతను నన్నడిగాడు. కొట్టను, బ్రష్షుతో రుద్దుతానన్నాను.

"రుద్దుడైతె తోలెందుకన్నా? ఇంట్ల గిన్నెలున్నయి గద."

బేరం మాత్రం మర్యాదగానే తెగింది. సాయంత్రానికి నా డ్రమ్ము మీద కొత్త తోలు బిగిసింది. బ్రష్షు ఆనించగానే వచ్చిన ఆ మెత్తటి చప్పుడు విని నేను చాలాసేపు ఊరికే అలా రుద్దుతూ కూర్చున్నాను.

తీగ

సార్ డ్యూటీకి పోయిన వేళల్లో గదిలో ఉక్కగా ఉండేది. స్టూలు తీసుకుని కొట్టం నీడలో, గేదెల మేతకు పేర్చిన జొన్నచొప్ప పక్కన కూర్చుని సాధన చేసేవాణ్ణి. బ్రష్షులు ఆయనవే. ఎప్పుడో ఊరు విడిచిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ వాద్యగాడు ఇచ్చినవట, మన బజార్లో దొరకవు. ఒక సాయంత్రం ఆయన వచ్చి వాటిని విప్పి చూశాడు. పన్ను ఊడిన దువ్వెనలా ఒకచోట సందు కనిపించింది. తీగ ఒకటి విరిగి ఎక్కడో పడిపోయింది.

ఎలాగైనా కొత్తవి తెప్పిస్తానని నేను నసుగుతున్నాను. ఆయన వినడం లేదు.

"యాడ కూసున్నవ్ పొద్దుందాక?"

చొప్ప మోపుల వైపు చూపించాను. ఆయన బ్రష్షులు పక్కన పడేశాడు.

"బ్రష్ గంగల గలవనియ్యి. తీగ మేతల వడ్డదేమో. బర్రె కడుపులకు ఇనుము వోతె గుండెకు గుచ్చుకుంటది. మల్లమ్మా, జర మేత ఆపు."

మల్లమ్మ అప్పటికే గంపెత్తి రాణి ముందుకు వంగింది. మాట విని గంప నేల మీద పెట్టింది. ఆవిడ అరిస్తే నాకు అలవాటే. ఆ పూట అరవలేదు.

"ఇగ ఆ ఇనుప చీపురు నా ఇంట్ల కనవడొద్దు సారూ. పొద్దుగాల ఈయన్ను బస్సెక్కియ్యి."

మల్లమ్మ ఇంటికి అన్నం పెట్టే గేదెలు ఒకపక్క, అక్క పాట ఇంకోపక్క, రెంటినీ నేనే ముంచేస్తున్నానని ఏడుపొచ్చింది. సార్ లోపలికి పోయి, పాత టెలిఫోను డబ్బాలోంచి ఊడదీసిన బరువైన అయస్కాంతం తెచ్చాడు. చాప పరిచి చొప్ప పిడికెడు పిడికెడుగా విదిల్చాం. ఆయన ఒక్కోదాని మీదా అయస్కాంతం తిప్పాడు. ముందు తుప్పుపట్టిన మేకు ఒకటి ఎగిరొచ్చి అంటుకుంది. తర్వాత జడపిన్ను, ఆ తర్వాత కంచె ముల్లు ముక్క. మోపులన్నీ అయిపోయినా మా తీగ మాత్రం దొరకలేదు.

అలిసిపోయి సార్ నా పక్కన చతికిలబడ్డాడు. ఆయన చేతిలో అయస్కాంతం మోకాలి దగ్గరికి రాగానే నా లుంగీ అంచు దానంతటదే లేచి దానికి అతుక్కుంది. అంచు మడతలో గుచ్చుకుని తీగ అక్కడే ఉంది. అందరూ నా లుంగీ వైపు చూశారు. నేను ఎటు చూడాలో తెలియక రాణి వైపు చూశాను.

మల్లమ్మ నవ్వలేదు. చాప మీది మేకు తీసి అరచేతిలో పెట్టుకుంది.

"గిది నీది గాదు గద?"

కాదన్నాను.

"ఇయ్యాల దేవులాడకుంటె రాణి తినేటిది." మేకును కొంగున ముడేసుకుని సార్ వైపు తిరిగింది. "సారూ, గా అయస్కాంతం నా దగ్గరుండనియ్యి. ఏయ్ వైజాగ్, నువ్వు పొద్దుగాల రా. గోడ అవుతల గాదు, కొట్టంల రాణి ముంగటనే కూసోని వాయించు. సేపితె ఉండు. సేపకుంటె బస్సెక్కు."

కొట్టంలో

పొద్దున్నే దూడను కాసేపు తాగనిచ్చి పక్కకు కట్టేశారు. నేను కుడితి తొట్టి పక్కన డ్రమ్ము పెట్టుకుని కూర్చున్నాను. దోమలు, పేడ వాసన, ఎదురుగా రాణి కళ్లు. సార్ గుమ్మంలో నిలబడ్డాడు. మల్లమ్మ బకెట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకుని "కానియ్యి" అంది.

ఎడమ చెయ్యి తిప్పడం మొదలుపెట్టాను. రాణి చెవి ఇటు తిరిగింది. నెమరు ఆపేసింది. నా చెయ్యి పైకి లేవబోయింది, లేవనివ్వలేదు. మనసులో అక్క పాట ఎత్తుకున్నాను. అక్క ఊపిరి తీసుకుంది, నా చెయ్యి తిరుగుతూనే ఉంది. ఒక చరణం గడిచింది. రాణి తల అటు తిప్పుకుని నెమరు వేయసాగింది. ఆ వెంటనే బకెట్టు అడుగున పాలధార తగిలిన చప్పుడు వినబడింది. అది నిండేకొద్దీ నురగలోకి పడి మెత్తబడింది. నేను కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

మల్లమ్మ బాగుందని అనలేదు. గ్లాసు నిండా పాలు పోసి ఇచ్చి, చక్కెర వెయ్యనా అని అడిగింది.

సెలవు అయిపోయేదాకా రోజూ రెండు పూటలా కొట్టంలోనే వాయించాను. బయల్దేరేనాడు ఐజక్ సార్ ఆ పన్ను ఊడిన బ్రష్షులు నా సంచిలో పెట్టాడు. మీకెలా అన్నాను. "నాకింకో జత ఉన్నది. మీ అక్క పాడినన్ని దినాలు నీకాడ్నే ఉంచుకో. జల్ది పంపుతె ఊకోను" అన్నాడు. నేను ఆయన కాళ్లకు దండం పెట్టబోతే భుజం పట్టి లేపి, బస్సు పోతుందని తరిమాడు.

మళ్లీ సముద్రం ఒడ్డున

మన ఊరి తేమకు మేకతోలు సడలింది. సాయంత్రం హోటలుకు పోయేముందు పొయ్యి దగ్గర వెచ్చచేసి బిగించుకున్నాను. మేనేజరు గల్లాపెట్టె దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం నిండుగా ఉన్నారు. చెంచాల మోత, మాటలు, నెత్తిన ఫ్యాన్ల గరగర. పియానో పెద్దాయన తలూపాడు. నేను ఎడమ చెయ్యి తిప్పడం మొదలుపెట్టాను. అక్క పాట ఎత్తుకుంది.

గొంతు ఏం పెరగలేదు, చిన్నగానే ఉంది. కానీ ఇప్పుడు నా మోత దానికి అడ్డం లేదు. మొదటి పాట సగంలో ముందు బల్లల దగ్గర మాటలు ఆగాయి. కిటికీ దగ్గరి పెద్దమనిషి చెయ్యెత్తి సర్వరును పిలిచాడు. బిల్లు అడుగుతున్నాడు, లేచి పోతాడు కాబోలనుకున్నాను. సర్వరు వెళ్లి ఆయన నెత్తిమీది ఫ్యాను ఆపేశాడు. కొంచెంసేపటికి వెనక బల్లవాళ్లూ తమది ఆపించారు. చివరికి మేనేజరే గల్లాపెట్టె మీది ఫ్యాను కట్టేసి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ ఉక్కపోతలో, చొక్కాలు వీపులకు అంటుకుపోతుంటే, ఎవరూ కదలకుండా మా అక్క పాట విన్నారు.

పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. అక్క నీళ్లు తాగి, రెండో పాటకు ముందు వెనక్కి తిరిగి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఒరేయ్, కాస్త గట్టిగా వాయించరా. నువ్వు నాకు వినబడటం లేదు."